స్కైడైవింగ్‌కి చిన్న వీడియో కెమెరా ఎలా ఎంచుకోవాలి?

కెమెరా కొనాలనుకోగానే మనం ముందు చూసేది 4కె, 5కె, మెగాపిక్సెల్స్. పారాచూట్ జంప్ కోసమైతే ఆ వరస తిరగేయాలి. కెమెరా పెట్టుకునే దశకు మీరు వచ్చారా లేదా అన్నది మొదటి ప్రశ్న. తర్వాత హెల్మెట్, ఆ తర్వాత కెమెరాను హెల్మెట్‌కి పట్టి ఉంచే మౌంట్, అప్పుడు ఆ మౌంట్‌లో ఇమిడే కెమెరా. బొమ్మ నాణ్యత గురించి ఆలోచించాల్సింది అన్నిటికంటే చివర. పేరున్న యాక్షన్ కెమెరా ఏదైనా ఈ రోజుల్లో ఫ్రీఫాల్‌ని, అంటే పారాచూట్ తెరుచుకునేలోపు పడటాన్ని, బాగానే తీస్తుంది. అసలు తేడా రెండు చోట్ల ఉంది: అది మీ పారాచూట్ తాళ్లకు తగులుకుంటుందా, గాల్లో ఉండగా మీ ధ్యాసను లాక్కుంటుందా.

ముందు జంప్‌ల లెక్క చూసుకోండి

యూఎస్‌పీఏ అని పిలిచే అమెరికా పారాచూట్ సంఘం కెమెరాతో దూకేవాళ్లకు ‘సి’ లైసెన్స్ (ఎ, బి, సి, డి మెట్లలో మూడోది), కనీసం 200 జంప్‌ల అనుభవం ఉండాలని సిఫారసు చేస్తుంది. వాటిలో కనీసం 50 ఇటీవలివై ఉండాలి, అవి కూడా మీరు కెమెరాతో వాడబోయే పారాచూట్ మీదే చేసి ఉండాలి. 25 జంప్‌లకే మొదటి మెట్టైన ‘ఎ’ లైసెన్స్ వచ్చేస్తుంది కాబట్టి, 26వ జంప్‌కే గోప్రో తగిలించుకోవాలని చాలామందికి ఉంటుంది. ఆ కోరిక సహజమే. కానీ లెక్క చూడండి. బోర్లా పడుకున్నట్టు పడుతున్నప్పుడు వేగం గంటకు దాదాపు 190 కిలోమీటర్లు. అంటే ప్రతి ఆరు సెకన్లకూ సుమారు వెయ్యి అడుగులు కిందికి వచ్చేస్తారు. 13,000 అడుగుల్లో దూకితే పారాచూట్ తెరిచేదాకా మీ చేతిలో ఉన్నది ఒక్క నిమిషం. ‘కెమెరా ఆన్ అయ్యిందా లేదా’ అని ఆరు సెకన్లు ఆలోచిస్తే వెయ్యి అడుగులు పోయినట్టే.

ఇది కొత్తవాళ్లకు మాత్రమే చెప్పే మాట కాదు. 1988 ఏప్రిల్‌లో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రం లూయిస్‌బర్గ్‌లో, వందల జంప్‌ల అనుభవం ఉన్న ఒక స్కైడైవర్ ఇతరుల జంప్‌ని వీడియో తీయడానికి విమానంలోంచి దూకాడు. ఆయన వీపు మీద వీడియో పరికరాల సంచీ ఉంది, పారాచూట్ లేదు. అది పెట్టుకోలేదన్న సంగతి గాల్లోకి వెళ్లేదాకా ఆయనకు తెలియలేదు. కెమెరా మనిషి ధ్యాసను ఎంతగా మింగేయగలదో ఆ ఘటన చెబుతుంది. అప్పటి పరికరాలు బరువైనవి, ఇప్పటివి అరచేతిలో ఇమిడిపోతాయి. ధ్యాస విషయంలో మాత్రం పెద్ద తేడా లేదు.

నియమాలు దేశాన్ని బట్టి, డ్రాప్‌జోన్‌ని (స్కైడైవింగ్ జరిగే చోటుని) బట్టి మారతాయి. కొనేముందే మీరు దూకే చోట చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి. అమెరికాలో అయితే డ్రాప్‌జోన్‌లో ఉండే సేఫ్టీ అండ్ ట్రైనింగ్ అడ్వైజర్‌తో మాట్లాడండి. ఏ మౌంట్లకు ఒప్పుకుంటారు, వేటికి ఒప్పుకోరు అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

టాండెమ్‌కి వెళ్తుంటే కెమెరా కొనొద్దు

మనవాళ్లలో చాలామంది స్కైడైవింగ్ రుచి చూసేది టాండెమ్‌లోనే. దుబాయ్ పామ్ మీదైనా, హర్యానాలోని నార్నౌల్‌లో అయినా, డల్లాస్ దగ్గరి వైట్‌రైట్‌లో అయినా ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకుని దూకేవాళ్లను సొంత కెమెరా పెట్టుకోనివ్వరు. మీరు ఎంచుకోవాల్సింది వాళ్లు అమ్మే వీడియోలో రకం. హ్యాండ్‌క్యామ్ అంటే ఇన్‌స్ట్రక్టర్ చేతి గ్లవ్ మీద ఉన్న కెమెరా. ఇందులో మీ మొహం బాగా దగ్గరగా కనిపిస్తుంది, పారాచూట్ తెరుచుకున్నాక మీరు మాట్లాడే మాటలూ వస్తాయి. అవుట్‌సైడ్ వీడియో అంటే వేరే స్కైడైవర్ మీతోపాటు దూకి, ఎదురుగా ఎగురుతూ తీసేది. విమానం తలుపులోంచి మీరు బయటపడే క్షణం అందులోనే చక్కగా వస్తుంది. డబ్బు ఒక్కదానికే సరిపోతే నేనైతే అవుట్‌సైడ్ వీడియోనే తీసుకోమంటాను. ఇంట్లో అమ్మానాన్నలకు చూపించి వాళ్ల టెన్షన్ తగ్గించాలనుకుంటే మాత్రం నవ్వుతున్న మీ మొహం ఉండే హ్యాండ్‌క్యామ్ మేలు.

ఇక్కడి నుంచి రాసేదంతా లైసెన్స్ ఉండి, సొంతంగా దూకుతూ, పైన చెప్పిన అనుభవం దాటినవాళ్ల కోసం.

హెల్మెట్: ఒంటి చేత్తో వదిలించుకోగలగాలి

యాక్షన్ కెమెరాను తలకు, ఛాతీకి, మణికట్టుకు, కాలికి, ఎక్కడికైనా కట్టుకోవచ్చని పెట్టె మీద బొమ్మలు ఉంటాయి. స్కైడైవింగ్‌లో వాటిలో చాలావరకు పక్కన పెట్టేయాలి. ఛాతీ మీద పెడితే ప్రధాన పారాచూట్‌ని వదిలేసే కటవే హ్యాండిల్, అదనపు పారాచూట్‌ని తెరిచే రిజర్వ్ హ్యాండిల్ కనిపించకుండా, అందకుండా అడ్డం వస్తుంది. మణికట్టు మీద పెడితే పైలట్ చూట్ (ప్రధాన పారాచూట్‌ని బయటికి లాగే చిన్న పారాచూట్) విసిరే చెయ్యికి, లైన్లకు, అంటే పారాచూట్ తాళ్లకు, చిక్కు. సెల్ఫీ స్టిక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. చేతి మీద కెమెరా పెట్టేది ప్రత్యేక శిక్షణ ఉన్న టాండెమ్ ఇన్‌స్ట్రక్టర్లు, అదీ అందుకోసమే కుట్టిన గ్లవ్‌తో. మీకు హెల్మెట్ ఒక్కటే దారి.

సైకిల్ హెల్మెట్, బైక్ హెల్మెట్ పనికిరావు. ఆస్ట్రేలియా కంపెనీ కుకీ, ఇటలీ కంపెనీ టాన్‌ఫ్లై లాంటివి స్కైడైవింగ్ కోసమే హెల్మెట్లు చేస్తాయి. మీ తల కొలతకు బిగుతుగా సరిపోవాలి. తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతోపాటే కదలాలి. వదులుగా ఉంటే వీడియో వణుకుతుంది, అంతకంటే ముఖ్యంగా పారాచూట్ తెరుచుకునే కుదుపుకు కళ్ల మీదికి జారుతుంది.

హెల్మెట్‌కి కటవే సౌకర్యం ఇంకా ముఖ్యం. ఒక లైన్ కెమెరాకు చుట్టుకుంటే హెల్మెట్‌నే తల మీంచి వదిలేసే ఏర్పాటు అది. గడ్డం కింద పట్టీని ఒక్క చేత్తో, గ్లవ్ వేసుకుని, కళ్లు మూసుకుని తీయగలగాలి. దుకాణంలోనే ప్రయత్నించండి. కుడి చేత్తో వచ్చింది కదా అని ఊరుకోకుండా ఎడమ చేత్తోనూ తీసి చూడండి, ఎందుకంటే లైన్ ఏ వైపు చుట్టుకుంటుందో చెప్పలేం. కొన్ని హెల్మెట్లలో పట్టీ బిగించే చక్రం ఉంటుంది, లాగితే మొత్తం ఊడొచ్చే తాడు ఉంటుంది. రెండు వేళ్ల మధ్య మెలితిప్పి తీయాల్సిన బకిల్ ఉంటే ఆ హెల్మెట్ వద్దు.

మౌంట్: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

కెమెరా వల్ల వచ్చే అసలు ప్రమాదం తాళ్లు తగులుకోవడం. పారాచూట్ తెరుచుకునేటప్పుడు లైన్లన్నీ మీ భుజాల వెనక నుంచి తల పక్కగా విప్పుకుంటూ పైకి పోతాయి. మీరు సరిగ్గా బోర్లా ఉంటే అవి తలకు దూరంగానే వెళ్తాయి. ఒక పక్కకు ఒరిగి ఉన్నా, తల తిప్పి వెనక్కి చూస్తున్నా, బయటికి పొడుచుకొచ్చిన కెమెరా వాటికి గాలం ముల్లు అవుతుంది.

కెమెరా పెట్టెలో వచ్చే మామూలు బకిల్ మౌంట్, దాని పొడవాటి స్క్రూ, కెమెరా కిందికీ హెల్మెట్‌కీ మధ్య మిగిలే వేలెడు సందు: ఇవన్నీ లైన్ దూరే చోట్లే. గోప్రో హీరో8 నుంచి కెమెరా అడుగునే మడత పెట్టే కొక్కేలు వచ్చాయి. సైకిల్ మీద అవి బాగుంటాయి. ఇక్కడ మాత్రం కెమెరా మొత్తాన్ని పొదువుకునే, అంచులు వాలుగా ఉండే స్నాగ్‌ఫ్రీ (తాడు తగులుకోని) మౌంట్ కావాలి. ఇలాంటివి కెమెరా మోడల్‌ని బట్టి చేస్తారు. కాబట్టి కెమెరా కొనేముందే, మీ హెల్మెట్‌కి ఆ మోడల్ మౌంట్ దొరుకుతుందో లేదో చూడండి. కొత్తగా విడుదలైన మోడల్‌కి మౌంట్ రావడానికి కొంత కాలం పట్టొచ్చు. హీరో9 నుంచి హీరో12 దాకా కెమెరా ఆకారం దాదాపు ఒకటే కాబట్టి వాటికి మౌంట్లు తేలిగ్గా దొరుకుతాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు అది మంచి వరస.

ఎక్కడ బిగించాలి? నడినెత్తిన పెడితే చూపు బాగుంటుంది గానీ అన్నిటికంటే ఎక్కువగా పొడుచుకొస్తుంది, విమానం తలుపు పైఅంచుకు కూడా తగులుతుంది. పక్కన పెడితే ఎత్తు తగ్గుతుంది, బరువు ఒక వైపుకు పడుతుంది. ఫుల్‌ఫేస్ హెల్మెట్‌కి గడ్డం ముందు పెట్టుకోవచ్చు. మీరు చూసే వైపే అదీ చూస్తుంది, తల మీద ఏమీ ఉండదు. మొదటి కెమెరాకి నా ఓటు గడ్డం మౌంట్‌కే. తల వంచినప్పుడు అది హ్యాండిళ్ల చూపుకు అడ్డం వస్తోందేమో మాత్రం జీను (పారాచూట్ పట్టీల హార్నెస్) వేసుకుని నేల మీదే చూసుకోండి.

అయస్కాంతంతో అతుక్కునే కెమెరాలు కొన్ని ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. ఇన్‌స్టా360 గో 3ఎస్ బరువు 39 గ్రాములే, బొటనవేలంత ఉంటుంది. దాని బరువు, సైజు చూస్తే ఆశ పుడుతుంది. కానీ 190 కిలోమీటర్ల గాలిలో అయస్కాంతాన్ని నమ్మకూడదు, కెమెరాను నాలుగు వైపులా పట్టి ఉంచే క్లాంప్ ఉంటేనే అది పనికొస్తుంది. ఊడిపోయిన కెమెరా కింద ఎవరి తల మీద పడుతుందో మనకు తెలియదు. అలాగని ఊడిపోకుండా తాడు కట్టడం కూడా తప్పే. ఆ తాడు ఉచ్చై ఇంకో లైన్‌ని పట్టుకుంటుంది.

అంటించే మౌంట్ అయితే అతికించాక కనీసం 24 గంటలు వదిలేయండి. వీలైతే అంటుకు తోడు స్క్రూలు కూడా వేయించండి. ఆ స్క్రూల తలలు హెల్మెట్ లోపల మీ తలకు గుచ్చుకోకుండా ఫోమ్ కింద ఉండాలి.

ఇప్పుడు పరీక్ష. కంటైనర్ (పారాచూట్ మడిచి పెట్టే సంచీ) మూసేటప్పుడు లూప్ లాగే సన్నని తాడు, పుల్-అప్ కార్డ్, ప్రతి స్కైడైవర్ దగ్గరా ఉంటుంది. కెమెరా బిగించిన హెల్మెట్‌ని బల్ల మీద పెట్టండి. ఆ తాడు రెండు చివరలూ రెండు చేతులతో పట్టుకుని, హెల్మెట్ వెనక నుంచి ముందుకు, కింది నుంచి పైకి, ఐమూలగా, వదులుగా ఒకసారి, బిగుతుగా ఒకసారి లాగండి. కెమెరా కింది అంచు దగ్గర కొంచెం ఆగి, తర్వాత జారిందనుకోండి. ‘జారింది కదా’ అని వదిలేయొద్దు. ఆ సందులోకి ఫోమ్ ముక్క దూర్చి పైన టేపు వేయండి, మళ్లీ లాగండి. ఎటు లాగినా గాజు మీద నూలు జారినట్టు సాఫీగా పోయేదాకా చేయండి. బ్యాటరీ తలుపు అంచు, హెల్మెట్ వైజర్ మడత బందు, ఎత్తును శబ్దంతో చెప్పే ఆల్టిమీటర్ పెట్టుకునే జేబు, ఇవి కూడా పట్టేస్తాయి. తర్వాత ఆ హెల్మెట్‌ని మీకంటే అనుభవం ఉన్న కెమెరా ఫ్లైయర్ చేతికిచ్చి చూడమనండి. మీ కంటికి కనపడని సందు వాళ్లకు కనిపిస్తుంది.

ఇక కెమెరా

బరువుతో మొదలుపెడదాం. గోప్రో హీరో12 బ్లాక్ 154 గ్రాములు, డీజేఐ ఓస్మో యాక్షన్ 4 145 గ్రాములు. చేతిలో అది ఏపాటి బరువూ కాదు. పారాచూట్ తెరుచుకునే కుదుపులో మాత్రం తల మీద ఉన్న ప్రతి గ్రాము కొన్ని రెట్లయి మెడ మీద పడుతుంది, గట్టిగా తెరుచుకున్న రోజున ఇంకా ఎక్కువ. అందుకే ఒకే కెమెరా పెట్టండి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి అంటూ రెండు పెట్టడం అనుభవం బాగా పెరిగాక చూసుకోవచ్చు.

2024లో వచ్చిన 86 గ్రాముల గోప్రో హీరో తేలికే. కానీ అందులో 4కె సెకనుకు 30 ఫ్రేములే వస్తుంది, వణుకు తగ్గించే పని కెమెరాలో కాకుండా తర్వాత ఫోన్ యాప్‌లో చేయాలి. స్కైడైవింగ్‌కి 60 ఫ్రేములు కావాలి. మనుషులు ఒకరి దగ్గరికి ఒకరు వేగంగా వచ్చి చేతులు పట్టుకునే క్షణాన్ని నెమ్మదిగా చూడాలంటే 30 చాలదు. 4కెలో 60 గానీ, 2.7కెలో 60 గానీ తీయగలిగితే చాలు. 5.3కె ఉందా లేదా అన్నదానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదు.

వణుకు తగ్గించడంలో రెండు పద్ధతులున్నాయి. యాక్షన్ కెమెరాల్లో ఎక్కువగా ఉండేది ఎలక్ట్రానిక్ పద్ధతి. అది బొమ్మ అంచుల్ని కత్తిరిస్తూ సరిచేస్తుంది, ఫ్రీఫాల్‌లో బాగా పనిచేస్తుంది. హీరో7 బ్లాక్ నుంచి గోప్రోలో ఇది బాగా మెరుగైంది. రెండోది లెన్సే లోపల తేలుతూ కదిలే ఆప్టికల్ పద్ధతి, మామూలు హ్యాండీక్యామ్‌లలో ఉండేది. గాలి దెబ్బకు ఆ లెన్స్ తనంతట తానే ఊగి బొమ్మ జెల్లీలా కదులుతుంది. ఇంట్లో పాత హ్యాండీక్యామ్ ఉంది కదా అనుకునేవాళ్లకు ఇంకో మాట. హార్డ్‌డిస్క్ మీద రికార్డు చేసే పాత కెమెరాలు అసలు వద్దు. ఎత్తులో గాలి పలచబడితే డిస్క్ పనిచేయదు. పైగా కింద పడుతున్నట్టు తెలియగానే డిస్క్‌ని కాపాడుకోవడానికి రికార్డింగ్ ఆపేసే సెన్సర్ వాటిలో ఉండేది. అంటే మీరు దూకిన క్షణంలోనే అది ఆగిపోవచ్చు. మెమరీ కార్డు మీద తీసే సోనీ సీఎక్స్100 లాంటి చిన్నవి 2009 ప్రాంతంలో స్కైడైవర్లకు అంతగా నచ్చడానికి ఇది ఒక కారణం.

360 డిగ్రీల కెమెరా మీద మోజు ఉంటే కాస్త ఆగండి. దాని రెండు లెన్సులూ బయటికి ఉబ్బి ఉంటాయి, చూపు బాగుండాలంటే ఎత్తుగా పెట్టాలి. మౌంట్ దగ్గర చెప్పినవన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఒప్పుకోని డ్రాప్‌జోన్లూ ఉన్నాయి.

బటన్ చూడండి. గ్లవ్ వేసుకుని నొక్కితే తెలియాలి, ఆఫ్‌లో ఉన్న కెమెరా ఒక్క నొక్కుతో ఆన్ అయ్యి రికార్డింగ్ మొదలవ్వాలి. గోప్రోలో దీన్ని క్విక్‌క్యాప్చర్ అంటారు. రికార్డు అవుతున్నట్టు చెప్పే ఎర్ర లైటు ముందు వైపు ఉంటే, విమానంలో ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒక్క చూపులో చెప్పేస్తారు.

ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 2 డిగ్రీలు చల్లబడుతుంది. 13,000 అడుగుల్లో నేల మీదికంటే పాతిక డిగ్రీలు తక్కువ. చలికాలంలో బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోయేది అందుకే. చలికి తట్టుకునే బ్యాటరీ, గోప్రోలో అయితే ఎండ్యూరో, తీసుకోండి. మెమరీ కార్డు వీ30 (వేగాన్ని చెప్పే గుర్తు) ఉన్నది, అసలైనది తీసుకోండి. సెకనుకు 120 మెగాబిట్ల దగ్గర తీస్తే నిమిషానికి 900 ఎంబీ అవుతుంది. ఫ్రీఫాల్, పారాచూట్ కింద ప్రయాణం కలిపి 8 నిమిషాలు తీశారనుకుంటే ఒక్క జంప్‌కి 7 జీబీ దాటుతుంది. 64 జీబీ కార్డు రోజంతా దూకేవాళ్లకు బొటాబొటీ, 128 తీసుకోండి.

సెట్టింగులు ఇంట్లోనే పెట్టేయండి

డ్రాప్‌జోన్‌కి వెళ్లాక సెట్టింగులు ముట్టుకోవద్దు. 4కె, 60 ఫ్రేములు, వణుకు తగ్గించేది మామూలు స్థాయిలో. ‘బూస్ట్’ పెడితే అంచులు మరీ ఎక్కువ కత్తిరించి పక్కనున్న మనిషిని మింగేస్తుంది. ఇతరుల్ని తీయడానికి అంచులు వంగకుండా చూపే ‘లీనియర్’ సెట్టింగ్ బాగుంటుంది. బాగా వెడల్పుగా చూపే ‘వైడ్’లో మూడు మీటర్ల దూరంలో ఉన్న మనిషి చీమలా కనిపిస్తాడు. మబ్బులు, ఆకాశం తెల్లగా మాడిపోతాయి కాబట్టి ఎక్స్‌పోజర్ అర మెట్టు తగ్గించి, వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి.

హొరైజన్ లాక్ ఆఫ్ చేయండి. మీరు తలకిందులైనా అది బొమ్మను నిటారుగా నిలబెడుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, నేర్చుకోవడానికి పనికిరాదు. మీ తల ఎంత ఒరిగిందో, ఏ క్షణంలో తిరిగిందో కోచ్‌కి తెలియాల్సింది ఆ వాలులోంచే. వాయిస్ కంట్రోల్, వైఫై, వెనక స్క్రీన్ కూడా ఆఫ్.

రికార్డింగ్‌ని విమానం ఎక్కగానే మొదలుపెట్టొద్దు. గాలి తగలకుండా 4కె తీస్తే కెమెరా వేడెక్కి తలుపు తెరిచే సమయానికి ఆగిపోవచ్చు. తలుపు తెరవడానికి రెండు నిమిషాల ముందు, గేర్ చెక్ పూర్తయ్యాకే, బటన్ నొక్కండి. ముందు హ్యాండిళ్లు, ఆల్టిమీటర్, పట్టీలు, ఆ తర్వాత కెమెరా. ఈ వరస ఎప్పుడూ మారకూడదు. లైటు వెలగకపోతే ఇంకోసారి నొక్కండి, అప్పటికీ వెలగకపోతే దాని సంగతి వదిలేసి దూకేయండి.

మొదటి కెమెరా జంప్‌లు

మొదట్లో ఎవరినీ తీయాలని చూడొద్దు. ఒంటరిగానో, బాగా తెలిసిన ఒక్కరితోనో మామూలు జంప్ చేయండి. తల బరువు మారింది, దానికి అలవాటు పడాలి. పారాచూట్ తెరిచేటప్పుడు తల నిటారుగా, చూపు ముందుకు. తెరుచుకుంటున్న పారాచూట్‌ని తీయాలని తల వెనక్కి వంచితే మెడకూ, లైన్లకూ రెండింటికీ చెడ్డది.

లైన్ తగులుకుంటే ఏం చేయాలో నేల మీదే జీను వేసుకుని, కోచ్ ముందు మళ్లీమళ్లీ సాధన చేయండి. ‘ఎ’ లైసెన్స్ ఉన్నవాళ్లకు 2,500 అడుగులు, ఆ పై లైసెన్సుల వాళ్లకు 1,800 అడుగులు: ఆ ఎత్తుకు వచ్చేలోపే ప్రధాన పారాచూట్ వదిలేయాలా వద్దా అన్న నిర్ణయం తీసుకుని అమలు చేయాలని యూఎస్‌పీఏ చెబుతుంది. లైన్ హెల్మెట్‌కి చిక్కి ఉండగా ప్రధాన పారాచూట్ వదిలితే అది మీ మెడని పట్టుకుని లాగుతుంది. అందుకే హెల్మెట్ పట్టీ ముందు, పారాచూట్ కటవే తర్వాత అన్న వరస చేతులకు అలవాటైపోవాలి.

దిగాక ప్రతిసారీ కెమెరాను వేళ్లతో పట్టుకుని నాలుగు వైపులా ఊపి చూడండి. కొంచెం కదిలినా, టేపు అంచు లేచినా సరిచేశాకే తర్వాతి జంప్‌కి విమానం ఎక్కండి. సాయంత్రం ఫైళ్లు దించుకున్నాక కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి, బ్యాటరీ చార్జింగ్‌కి పెట్టండి.